2 పెట్టొద్దన్నారు, మళ్ళీ 2 పెట్టారు: లిమిట్స్‌లో ఈ తిరకాసు ఏంటి?

మిర్యాలగూడలో ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ చదువుతున్న ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. పది దాకా తెలుగు మీడియం, ఇప్పుడు ఇంగ్లీష్ మీడియం. లెక్కల వన్ బి పేపరులో లిమిట్స్ మొదలైన రెండో రోజే అనుమానం వచ్చింది: "ఎక్స్ స్క్వేర్ మైనస్ 4 బై ఎక్స్ మైనస్ 2 లో 2 పెట్టకూడదు, కింద సున్నా వస్తుంది అన్నారు. పైదాన్ని కారణాంకాలుగా విడగొట్టి ఎక్స్ మైనస్ 2 ని పైనా కిందా కొట్టేశారు. మిగిలిన ఎక్స్ ప్లస్ 2 లో మళ్ళీ 2 పెట్టి జవాబు 4 అన్నారు. పెట్టొద్దన్నదే పెట్టారు కదా? అడిగితే ఎగ్జామ్‌లో ఇట్లనే రాయాలి అన్నారు."

అమ్మా, నీ అనుమానం నూటికి నూరు పాళ్ళు సరైనది. నేను నల్గొండ జిల్లాలో ఇరవై ఏళ్ళకు పైగా ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పాను. ఈ ప్రశ్న అడిగిన వాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మిగతావాళ్ళు కొట్టేసి, 2 పెట్టి, మార్కులు తెచ్చుకొని వెళ్ళిపోయారు. చాలా ఏళ్ళు నేనూ అలాగే చెప్పాను, అది వేరే సంగతి.

ఫోనులో టైప్ చేస్తున్నాను కాబట్టి లెక్కలను క్లాసులో బోర్డు చూసి చదివినట్టు మాటల్లోనే రాస్తాను. నువ్వు పక్కన కాగితం పెట్టుకొని గుర్తులతో రాసుకో. చదివితే రాదు, రాస్తేనే వస్తుంది.

మీ సారు బోర్డు మీద ఒక లైనులో చేసింది నిజానికి రెండు పనులు. రెండింటికీ కారణాలు వేరు. వాటిని ఒకే లైనులో ఇరికించడం వల్ల మోసంలా కనిపిస్తోంది.

మొదటి పని కొట్టేయడం. ఎక్స్ విలువ 2 కు దగ్గరవుతుంటే ఈ భిన్నం ఏమవుతోంది అన్నదే లిమిట్ అడిగేది. 2 దగ్గర ఏముంది అని అది అడగదు. అక్కడ విలువ ఉన్నా, లేకపోయినా, ఉండి తప్పుగా ఉన్నా దానికి పట్టదు. 1.9 పెట్టి చూడు, 3.9 వస్తుంది. 1.99 కి 3.99. అటువైపు నుంచి 2.01 పెడితే 4.01. ఇందులో ఎక్కడా 2 పెట్టలేదు. 2 కాని ఏ సంఖ్య పెట్టినా ఎక్స్ మైనస్ 2 సున్నా కాదు, కాబట్టి దాన్ని పైనా కిందా కొట్టేయడానికి ఏ అడ్డూ లేదు. అంటే పాత భిన్నం, కొత్త ఎక్స్ ప్లస్ 2, ఈ రెండూ 2 దగ్గర తప్ప అన్నిచోట్లా అచ్చంగా ఒకటే. తేడా ఉన్న ఆ ఒక్క చోటును లిమిట్ చూడనే చూడదు. అందుకే రెండింటి లిమిట్ ఒకటే అవుతుంది.

రెండో పని, ఎక్స్ ప్లస్ 2 లో 2 పెట్టడం. ఈ 2 ను పెట్టింది పాత భిన్నంలో కాదు. కొత్తదానికి 2 దగ్గర ఏ ఇబ్బందీ లేదు, పైగా అది 2 దగ్గర అవిచ్ఛిన్నం (కంటిన్యువస్). ఒక బిందువు దగ్గర ప్రమేయం (ఫంక్షన్) అవిచ్ఛిన్నం అంటే అక్కడ లిమిట్, అక్కడి విలువ ఒకటే అని అర్థం. కాబట్టి లిమిట్ కావాలంటే నేరుగా విలువ పెట్టేసుకోవచ్చు. ప్రతిక్షేపించడానికి మనకు దొరికే పర్మిషన్ పేరే అవిచ్ఛిన్నత. పుస్తకంలో ఆ పాఠం కొన్ని పేజీల తర్వాత వస్తుంది కాబట్టి, పర్మిషన్ ఎక్కడిదో చెప్పకుండానే మొదటి రోజు నుంచి వాడేస్తాం. తప్పు అక్కడుంది. నీ బుర్రలో లేదు.

ఈ మాట నీకన్నా ముందు గట్టిగా అడిగినవాడు బర్కిలీ అనే ఐర్లండ్ తత్వవేత్త. 1734 లో, న్యూటన్ చిన్న చిన్న తేడాలతో వేగాలు కట్టే పద్ధతిని పట్టుకొని అడిగాడు: మొదట ఆ చిన్న తేడా సున్నా కాదని చెప్పి దాంతో భాగిస్తారు, పని అయిపోగానే అదే సున్నా అని తీసేస్తారు, ఇదేం న్యాయం? పోయిన రాశుల దయ్యాలు అని వెక్కిరించాడు కూడా. అప్పట్లో సరైన జవాబు ఎవరి దగ్గరా లేదు. 1817 లో బోల్జానో, 1821 లో కోషీ, ఆ తర్వాత వైయర్‌స్ట్రాస్ పూనుకొని లిమిట్‌కు గట్టి అర్థం ఇచ్చేదాకా లెక్క నడిచింది గానీ పునాది లేదు. వందేళ్ళకు పైగా పెద్ద పెద్దవాళ్ళు మోసిన అనుమానం నీకు రెండో రోజే వచ్చిందంటే నువ్వు టెన్షన్ పడాల్సిన పని లేదు.

అసలు న్యూటన్‌కు ఈ తంటా ఎందుకు వచ్చిందో చూద్దాం. మీ ఊళ్ళో పాత మోట బావి ఏదైనా ఉంటే ఒక రాయి జారవిడిచినట్టు అనుకో. గాలి అడ్డును పక్కన పెడితే, టి సెకన్లలో అది పడే దూరం 4.9 ఇంటూ టి స్క్వేర్ మీటర్లు. సరిగ్గా ఒక సెకను అయినప్పుడు దాని వేగం ఎంత? వేగమంటే దూరం బై కాలం. కానీ "సరిగ్గా ఒక సెకను" అన్నాక గడిచిన కాలం సున్నా, పోయిన దూరం సున్నా. సున్నా బై సున్నా. అందుకని 1 నుంచి 1.1 సెకను దాకా సగటు వేగం కట్టు: 10.29. 1 నుంచి 1.01 దాకా: 9.849. 1.001 దాకా: 9.8049. ఎటు పోతోందో కనిపిస్తోంది కదా, 9.8. కాలం తేడాను హెచ్ అనుకొని లెక్క చేస్తే సగటు వేగం 9.8 ప్లస్ 4.9 హెచ్ వస్తుంది. హెచ్ సున్నా కానంతవరకు భాగించాం, తర్వాత లిమిట్ తీశాం. నీ లెక్కే ఇది, వేషం మార్చుకొని వచ్చింది. ముందు ముందు అవకలనం (డిఫరెన్షియేషన్) అని మీకు చెప్పబోయేదంతా ఇదే.

ఇక్కడ ఒక పదం గొడవ కూడా ఉంది. తెలుగు మీడియం పుస్తకంలో లిమిట్‌ను అవధి అంటారు. అవధి అంటే మనకు గడువు, హద్దు. నిరవధిక సమ్మె అంటే గడువు లేని సమ్మె. దాంతో పిల్లలు అవధి అంటే దాటకూడని హద్దు, దగ్గరికి పోవడమే గానీ ఎప్పటికీ అందని గీత అనుకుంటారు. అది తప్పు. ఎప్పుడూ 5 గానే ఉండే స్థిర ప్రమేయం తీసుకో, దాని అవధి 5, మొదటి నుంచీ అక్కడే కూర్చుంది. కొన్ని ప్రమేయాలు తమ అవధిని తాకుతాయి, దాటుతాయి, మళ్ళీ వెనక్కి వస్తాయి. ఏదీ నిషేధం కాదు. అవిచ్ఛిన్నత అన్న పదం మాత్రం చక్కగా కుదిరింది. విచ్ఛిన్నం కానిది, తెగనిది.

ఇప్పుడు తెగిన దాన్ని చూపిస్తాను. మీ ఇంట్లో వ్యవసాయం ఉంటే నీకు నాకన్నా బాగా తెలుస్తుంది. కొనుగోలు కేంద్రంలో వడ్ల కుప్ప దగ్గరికి తేమ మీటరు తెస్తారు. గుప్పెడు గింజలు వేస్తారు. 17 శాతం దాకా ఉంటే కాంటాకు పెడతారు. 17.1 చూపిస్తే? మళ్ళీ ఆరబోసుకో అంటారు. ఆ 0.1 కోసం రైతు ఇంకో రోజు, మబ్బు పడితే ఇంకో రెండు రోజులు, పరదాలు కప్పుకొని కల్లంలోనే పడుకుంటాడు.

దీన్ని ప్రమేయంగా రాయి. తేమ శాతం ఎక్స్. కొంటే విలువ 1, తిప్పి పంపితే 0. తక్కువ వైపు నుంచి 17 కు వస్తే, 16.9, 16.99, 16.999, అన్నిటికీ 1. ఎడమ అవధి 1. ఎక్కువ వైపు నుంచి వస్తే, 17.1, 17.01, 17.001, అన్నిటికీ 0. కుడి అవధి 0. రెండూ కలవలేదు, కాబట్టి 17 దగ్గర అవధి లేదు. సరిగ్గా 17 దగ్గర విలువ 1 ఉంది కదా అంటావేమో. ఉంది. కానీ విలువ ఉండటం వేరు, అవధి ఉండటం వేరు. క్లాసులో ఈ ఒక్క ఉదాహరణతో నాకు పని అయిపోయేది, ఎందుకంటే ఆ కుప్ప దగ్గర నిలబడ్డ పిల్లలు సగం మంది ఉండేవాళ్ళు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ, కుడి కాలువ అని కూడా జోకు వేసేవాణ్ణి. ఎడమ కాలువ మన వైపు, కుడి కాలువ ఆంధ్ర వైపు, రెండూ మళ్ళీ కలవవు అని. నవ్వేవాళ్ళు గానీ, లెక్కకు వడ్లే బాగా పనికొచ్చాయి.

నీ భిన్నం సంగతి దీనికి పూర్తిగా వేరు. దాని గ్రాఫు గీస్తే తిన్నని గీత వస్తుంది, 2 దగ్గర మాత్రం ఒక్క చుక్క లేదు, అంతే. ఎడమ నుంచి వచ్చినా కుడి నుంచి వచ్చినా 4 దగ్గరికే వస్తాం. ఆ బెజ్జంలో 4 అనే చుక్క పెడితే గీత పూర్తవుతుంది. వేరే ఏది పెట్టినా, 7 పెట్టినా, అవధి 4 గానే ఉంటుంది కానీ అవిచ్ఛిన్నత రాదు. పరీక్షలో "కె విలువ ఎంత అయితే ప్రమేయం అవిచ్ఛిన్నం" అని అడిగేది ఇదే. ఎక్స్ స్క్వేర్ మైనస్ 9 బై ఎక్స్ మైనస్ 3, 3 దగ్గర విలువ కె అంటే కె 6 కావాలి. వడ్ల ప్రమేయంలో 17 దగ్గర ఏ విలువ పెట్టినా తెగింది తెగినట్టే ఉంటుంది. ఒకటి అతుక్కునేది, ఒకటి అతకనిది. ఈ తేడా పట్టుకుంటే పాఠంలో సగం వచ్చినట్టే.

పెన్ను ఎత్తకుండా గీయగలిగితే అవిచ్ఛిన్నం అని ఎవరైనా చెప్తే మొదట్లో నమ్ము, తర్వాత మర్చిపో. 1 బై ఎక్స్ గ్రాఫు గీయాలంటే సున్నా దగ్గర పెన్ను ఎత్తాల్సిందే. కానీ సున్నా దాని ప్రదేశంలోనే (డొమైన్‌లోనే) లేదు. ఉన్న ప్రతి బిందువు దగ్గరా అది అవిచ్ఛిన్నమే.

ఇంతసేపూ 1.9, 1.99 అని పట్టిక వేశాం. పట్టిక మంచి స్నేహితుడే, కానీ సాక్షిగా పనికిరాడు. సైన్ ఆఫ్ పై బై ఎక్స్ తీసుకో, ఎక్స్ సున్నాకు పోతోంది. 0.1 పెట్టు: సైన్ 10 పై, సున్నా. 0.01 పెట్టు: సైన్ 100 పై, సున్నా. 0.001, మళ్ళీ సున్నా. లిమిట్ సున్నా అని రాసేస్తావా? ఇప్పుడు ఎక్స్ కు 2 బై 401 పెట్టు, దాదాపు 0.005. పై బై ఎక్స్ 200.5 పై అవుతుంది, దాని సైన్ 1. సున్నాకు ఎంత దగ్గరికి పోయినా 0 ఇచ్చే సంఖ్యలూ ఉంటాయి, 1 ఇచ్చేవీ ఉంటాయి, మైనస్ 1 ఇచ్చేవీ ఉంటాయి. లిమిట్ లేదు. మనం ఎంచుకున్న సంఖ్యలు కావాలనే చేసినట్టు అన్నీ సున్నా చోట్లే పడ్డాయి. నేను ఈ పట్టిక బోర్డు మీద వేసి, "లిమిట్ సున్నా, అవునా?" అని అడిగితే క్లాసంతా అవునన్నది. ఆ రోజు వాళ్ళ మొహాలు చూడాలి.

మరి పట్టిక చాలకపోతే ఏది చాలు? ఇక్కడే అందరూ భయపడే ఎప్సిలాన్, డెల్టా వస్తాయి. భయం అనవసరం. నాకు అది ఒక వెల్డింగ్ షాపులో అర్థమైంది, పీజీలో కాదు. ఇంటి ముందు నీళ్ళ సంపుకు మూత చేయించడానికి పోయాను. చదరపు రేకు, భుజం 3 అడుగులు, వైశాల్యం 9 చదరపు అడుగులు. షాపాయన టేపు తీసి, "ఎంత అటూ ఇటూ అయితే నడుస్తది సార్?" అని అడిగాడు. నేను ఊరికే, లెక్కల సారును కదా, "వైశాల్యంలో 0.1 కన్నా తేడా రావొద్దు" అన్నాను. ఆయన నవ్వి, "వైశాల్యం నాకెందుకు, భుజంలో ఎంత పోవచ్చో చెప్పు" అన్నాడు.

నేను అడిగిన 0.1 ఎప్సిలాన్. ఆయన అడిగింది డెల్టా. వైశాల్యంలో తేడా ఎక్స్ స్క్వేర్ మైనస్ 9, అంటే ఎక్స్ మైనస్ 3 ఇంటూ ఎక్స్ ప్లస్ 3. భుజం ఎలాగూ 2 కు 4 కు మధ్యే ఉంటుంది, కాబట్టి ఎక్స్ ప్లస్ 3 ఎప్పుడూ 7 లోపే. అందుకని భుజంలో తేడా 0.1 బై 7 లోపు ఉంటే వైశాల్యంలో తేడా 0.1 లోపు ఉంటుంది. అది 0.014 అడుగు, అంగుళాల్లో 0.17, సూత్ (అంగుళంలో ఎనిమిదో వంతు) కన్నా కాస్త ఎక్కువ. "సూత్ లోపు కొయ్యి" అన్నాను. కోశాడు.

ఇందులో వరస ముఖ్యం. ముందు అడిగేవాడు తేడా ఎంత ఒప్పుకుంటాడో చెప్పాలి, తర్వాతే చేసేవాడు తన కొలత చెప్పాలి. నేను 0.1 కి బదులు 0.01 అంటే డెల్టా 0.01 బై 7. టేపు పనికిరాదు గానీ లెక్కకు పనికొస్తుంది. ఎంత చిన్న ఎప్సిలాన్ అడిగినా ఎప్సిలాన్ బై 7, 1, ఈ రెండింటిలో చిన్నది డెల్టాగా ఇస్తాను. ఎవరేం అడిగినా నా దగ్గర జవాబు సిద్ధంగా ఉందంటే, ఎక్స్ 3 కు పోతుంటే ఎక్స్ స్క్వేర్ లిమిట్ 9. అంతే నిర్వచనం. కొన్ని సంఖ్యలకు కాదు, అడిగిన ప్రతిదానికీ జవాబు ఉండాలి. పట్టిక చేయలేనిది ఇదే.

వడ్ల దగ్గర ఈ ఆట ఆడి చూడు. లిమిట్ ఎల్ అని నువ్వు ఏదో ఒక సంఖ్య చెప్పు, నేను ఎప్సిలాన్ అర అంటాను. 17 చుట్టూ నువ్వు ఎంత చిన్న చోటు ఎంచుకున్నా అందులో 1 ఇచ్చే తేమ ఉంటుంది, 0 ఇచ్చే తేమా ఉంటుంది. 0 కు, 1 కు రెండింటికీ అర కన్నా తక్కువ దూరంలో ఉండే సంఖ్య ఏదీ లేదు. నువ్వు ఓడిపోయావు, లిమిట్ లేదు.

నీ సిలబస్‌లో సైన్ ఎక్స్ బై ఎక్స్ లిమిట్ 1 అని ఉంటుంది. ఒక అబ్బాయి ఒకసారి క్యాలిక్యులేటర్ పట్టుకొని వచ్చి, 0.01 పెడితే 0.01745 వస్తోంది, పుస్తకం తప్పు సార్ అన్నాడు. పుస్తకం ఒప్పే, క్యాలిక్యులేటర్ డిగ్రీల్లో ఉంది. ఆ 0.01745 పై బై 180. రేడియన్లలో పెడితే 0.99998 వస్తుంది. వ్యాసార్ధం 1 ఉన్న వృత్తం గీసి, చిన్న త్రిభుజం, సెక్టారు, పెద్ద త్రిభుజం వైశాల్యాలు పోల్చు. సైన్ ఎక్స్ బై ఎక్స్ అన్నది కాస్ ఎక్స్ కు, 1 కి మధ్య ఇరుక్కుపోతుంది. కాస్ ఎక్స్ 1 కి పోతోంది, మధ్యలోది ఎక్కడికి పోతుంది? ఆ బొమ్మ ఒకసారి నీ చేత్తో గీయి.

లోపిటాల్ రూలు, అంటే పైదాన్నీ కిందిదాన్నీ విడివిడిగా అవకలనం చేసి లిమిట్ తీసే పద్ధతి, ఎంసెట్‌కు, ఇప్పుడు ఎప్‌సెట్ అంటున్నారు, టైము మిగలడానికి వాడుకో. సైన్ ఎక్స్ బై ఎక్స్ కు మాత్రం నిరూపణ అని చెప్పి అది రాయకు. ఆ రూలుకు సైన్ అవకలజం (డెరివేటివ్) కావాలి, ఆ అవకలజానికి ఈ లిమిటే కావాలి. అప్పు తెచ్చి అదే అప్పు తీర్చినట్టు ఉంటుంది. ఇంకా, సున్నా బై సున్నా అంటే 1 అనో, సున్నా అనో రాసేవాళ్ళు ఉన్నారు. 3 ఎక్స్ బై ఎక్స్ లో అది 3. ఎక్స్ స్క్వేర్ బై ఎక్స్ లో సున్నా. అది జవాబు కాదు, ఇంకా పని మిగిలి ఉందని గుర్తు.

అవిచ్ఛిన్నతతో లాభమేంటి అని రేపు నువ్వే అడుగుతావు కాబట్టి ఒక్కటి చెప్తాను. సాగర్‌లో నీటిమట్టం ఒక వారం 560 అడుగులు, కొన్నాళ్ళకు 580 అయిందనుకో, పూర్తిమట్టం 590. మధ్యలో ఏదో ఒక క్షణంలో అది సరిగ్గా 570 అయ్యే ఉండాలి. చూసినవాళ్ళు ఎవరూ లేకపోయినా సరే. నీళ్ళు దూకవు. వడ్ల ప్రమేయం 1 నుంచి 0 కు దూకుతుంది, మధ్యలో అర అనే విలువ ఎప్పుడూ తీసుకోదు. ఇప్పుడు ఎక్స్ క్యూబ్ ప్లస్ ఎక్స్ మైనస్ 1 చూడు. సున్నా దగ్గర మైనస్ 1, ఒకటి దగ్గర ప్లస్ 1. బహుపది కాబట్టి అవిచ్ఛిన్నం, దూకదు. కాబట్టి మధ్యలో ఎక్కడో సున్నా అయి తీరాలి. 0.68 దగ్గర ఇంకా రుణమే, 0.69 దగ్గర ధనం. మూలం ఆ రెండింటి మధ్యే ఉంది, సూత్రం ఏదీ లేకుండానే పట్టేశాం. 1817 లో బోల్జానో నిరూపించింది ఈ మాటనే.

నీకో లెక్క ఇస్తున్నాను. ఎక్స్ ఇంటూ సైన్ ఆఫ్ 1 బై ఎక్స్, సున్నా దగ్గర విలువ కె. కె ఎంత అయితే ఇది సున్నా దగ్గర అవిచ్ఛిన్నం? పట్టిక వేయొద్దు. సైన్ ఎప్పుడూ మైనస్ 1 కి 1 కి మధ్యే ఉంటుందన్నది ఒక్కటే వాడు. కె వచ్చాక, ఎప్సిలాన్ 0.1 అని నేను అడిగితే డెల్టా ఎంత ఇస్తావో కూడా రాసి కింద కామెంట్లో పెట్టు. చూసి చెప్తాను.